ఎర్ర కారు నా పేరు మీద ఉంది

నవంబరు 3, సోమవారం

కారు అమ్ముతాడట. కొని ఎనిమిది నెలలు. వెనక సీటు మీది ప్లాస్టిక్ కవరు ఇంకా పూర్తిగా తియ్యనే లేదు.

నా కొడుకు మురళి పొద్దున ఇడ్లీ తింటూ చెప్పాడు, పాలు విరిగాయని చెప్పినంత తేలిగ్గా. "దీన్ని ఇచ్చేసి వేరేది తీసుకుంటా మా. పిల్లోళ్లకి ఇరుకుగా ఉండాది. నువ్వు వచ్చి వేలిముద్ర వెయ్యాల, అంతే."

అంతే అట. ఆర్‌సీ నా పేరు మీద ఉంది. స్టీరింగు ముట్టి ఎరగని నేను ఓనరు. మురళికి ఏలినాటి శని నడుస్తోంది, అది పోయేదాకా అతని పేరున వాహనం కొనకూడదు, తల్లి పేరున కొంటే దోషం అంటదు అన్నాడు జోస్యుడు. సరేనన్నది నేనే. బొటనవేలు చాచింది నేనే. అలిపిరి దగ్గర పూజ చేయించి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు తొక్కించి, కొండవైపు తిరిగి దండం పెట్టుకున్నదీ నేనే.

రాసేది పక్కింటి షమీమ్, బ్లౌజులు కుట్టే మనిషి. చెప్పేది నేను, చెంగమ్మ. డెబ్బై నాలుగేళ్లు. నా వేలిముద్ర ఎన్ని కాగితాల మీద ఉందో నాకే తెలియదు. నా మాట మాత్రం ఒక్క కాగితం మీద కూడా లేదు. అందుకని ఇది. డైరీ షమీమ్ ఇంట్లోనే ఉంటుంది, మిషను సొరుగులో.

నవంబరు 4

షమీమ్ అడిగింది: "అవ్వా, ముసలిదాన్ని అని రాయాల్నా, పెద్దదాన్ని అని రాయాల్నా?"

ముసలిదాన్నే. నోరు ముసలిది కాలేదని పక్కన రాయమన్నాను. రాసింది.

నవంబరు 6, గురువారం

రేణిగుంట రోడ్డులో షోరూము. ఓనరు రావాలన్నారని నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టాడు. ఆ కారులో ఎక్కడం, దిగడం నా మోకాళ్ల వల్ల కాదు — నేల మీద కూర్చున్నట్టే ఉంటుంది. వెనక ఒక రెక్క. పొగగొట్టం నుంచి గుండె అదిరే మోత. ఆ మోత కోసమే వాడు ఎక్కువ డబ్బిచ్చింది.

పాత బళ్లకు వెల కట్టే ఆయన మర్యాద తెలిసినవాడు. నాకు కుర్చీ వేయించి చెప్పాడు. "బండి కొత్తదేనమ్మా, కాదనను. గేటు దాటిన పొద్దే రేటు పడతాది. ఇట్లాంటి షోకు బళ్లకి ఇంకా పడతాది. సంసారులు కొనరు. కొనాలనుకునే కుర్రోళ్లకి లోను రాదు."

"ఎనిమిది నెలలకేనా?"

"ఎనిమిది రోజులకైనా పడతాదమ్మా."

పదిహేను లక్షల బండికి పదకొండున్నర అన్నాడు. నా ఆవులు ఇంటికొచ్చి ఎనిమిది నెలలు మేస్తే రేటు పెరిగేది.

తర్వాత జేబులోంచి అగ్గిపెట్టెంత పరికరం తీశాడు. రంగు ఎంత మందం ఉందో చెబుతుందట. కారు ఒంటికి ఆనించుకుంటూ వచ్చాడు. తలుపు మీద ఒక నంబరు. వెనక కూడా అదే. ముందర ఎడమ పక్కకు వచ్చేసరికి ఆగాడు. మళ్లీ ఆనించాడు. ఇంకోసారి.

"సార్, ఈడ రంగు మళ్లీ కొట్టించినారు."

"గోడకి రాసుకునింది" అన్నాడు మురళి.

"బానెట్టు కూడా మార్చినారే. ముందరద్దం కూడా కొత్తది, దీని మీద తయారైన నెల వేరే ఉండాది. గోడ అద్దం దాకా ఎట్ల వచ్చింది సార్?" ఆయన నవ్వుతూనే అడిగాడు.

మురళి నవ్వలేదు.

"ఇన్సూరెన్సులో అడిగినట్టు కూడా లేదు. ఇంత పనికి చేతి డబ్బు ఎవురు పెట్టుకుంటారు?"

తొమ్మిది అన్నాడు. మురళి వెంటనే సరే అన్నాడు.

నలభై ఏళ్లు పాడిపశువుల బేరం చేశాను. చిత్తూరు చుట్టుపక్కల సంతలన్నీ తిరిగాను. తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని రేటు చెప్పుకునేవాళ్లం. మొదట పట్టిన వేళ్లకే ఒప్పుకున్నవాడి ఆవును నేను ఒక్కనాడూ కొనలేదు. వాడు వదిలించుకోవడానికి వచ్చినవాడు. రైతుబజారులో టమోటాల దగ్గర రూపాయి కోసం పోట్లాడే నా కొడుకు ఈ రోజు రెండున్నర లక్షలు నోరెత్తకుండా వదిలేశాడు.

ముద్ర వెయ్యలేదు. ఈ రోజు మంచిది కాదన్నాను. అబద్ధమే.

నవంబరు 7

లెక్క వేసుకుంటున్నాను — రోజులు. ఆయుధపూజనాడు వీధిలో ప్రతి బండికీ బొట్టు, పూలదండ, ముందర పగలగొట్టిన గుమ్మడికాయ. మా వాకిలి ఒక్కటే ఖాళీ. సర్వీసుకిచ్చానన్నాడు. దానికి వారం ముందే... తెల్లవారకముందు కారులో శ్రీసిటీకి పనికి పోయినవాడు మధ్యాహ్నానికి బస్సులో తిరిగొచ్చాడు. ఒళ్లు కాలిపోతోంది. పది రోజులు పనికి పోలేదు. తర్వాత కారు వచ్చింది, కొన్ననాటి కంటే ఎక్కువ మెరుస్తూ. సర్వీసంటే ఇంత బాగా చేస్తారా అని వీధిలో అందరికీ చూపించాను నేను.

నవంబరు 8

వాన. కారుకు కవరు కప్పి నాలుగు పక్కలా తాళ్లు కట్టాడు. ఎండాకాలంలో ఒక్కసారి కూడా కప్పలేదు.

నవంబరు 9, ఆదివారం

కోడలు లత అనపకాయల్లోంచి గింజలు ఒలుస్తుంటే పక్కన కూర్చున్నాను.

"ఏమే, ఆ కారు ఎక్కి నువ్వు ఎన్నాళ్లయింది?"

"నాకు కడుపులో తిప్పుతాది అత్తా."

"ముందు తిప్పలేదే. తిరుచానూరుకి పోయేదానికి కూడా కారే కావాలంటివే."

చేతిలో గింజలు జారిపోయాయి. ఏరుకోలేదు. "అత్తా, నీకు దండం పెడతా. అడగొద్దు. ఆయన్ని అసలే అడగొద్దు."

అడుగుతానని దానికీ తెలుసు.

నవంబరు 10

అడిగాను.

"ఎనుము అడ్డం వచ్చింది మా."

"యాడ?"

"తడ కాడ."

"ఎవురి ఎనుము?"

"నాకేం తెలుసు, ఎవురిదో. డబ్బులిచ్చి పంపించినా."

"ఎంత?"

"ఐదు వేలు."

"పాలిచ్చేదా, వట్టిపోయిందా?"

తెల్లమొహం వేశాడు.

ఐదు వేలకు ఎనుము తోక కూడా రాదు. ఎనుముకు దెబ్బ తగిలితే ఊరంతా రోడ్డు మీదకు వస్తుంది. బండి తాళం లాక్కుంటారు. చూలుదంటారు, పూటకు ఐదు లీటర్లు ఇచ్చేదంటారు. అది ఎన్నో ఈతో కూడా చెప్పి, కొట్టినవాడి చేత వినిపించుకుంటారు. వాడు చచ్చేదాకా మరిచిపోడు. నాకు తెలుసు. మా ఊళ్లో నా ఎనుమును లారీ కొట్టినప్పుడు ఆ లారీకి అడ్డంగా పడుకున్నది నేనే.

"ఎనుము కాదురా అది" అన్నాను.

అన్నం సగంలో చెయ్యి కడిగేసుకున్నాడు.

నవంబరు 12, బుధవారం

షోరూము నుంచి రెండుసార్లు ఫోను. పొద్దున మురళి బతిమాలాడు — కొత్తదానికి అడ్వాన్సు కట్టినా మా, నా పరువు తీయొద్దు మా. సాయంత్రానికి గొంతు మారింది.

"సూడు మా. రేపు ఎవురన్నా వచ్చినా నన్ను అడగరు. బండి నీది. నోటీసు ముందు నీకే వస్తాది."

నేను చారు గిన్నె వాడి వైపు జరిపాను.

"భయపడొద్దులే. నీ వయసుకి నిన్నేమీ చెయ్యరంట. కనుక్కున్నా."

కనుక్కున్నాడట. ఏ వకీలు ముందరో కూర్చుని, మా అమ్మ జైలుకు పోతుందా పోదా అని అడిగి, ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని చారన్నం తిన్నాడు. పోలీసులంటే నాకు భయం లేదు. ఆ చారన్నం తలుచుకుంటేనే ఒళ్లు చల్లబడుతోంది.

తల్లి పేరున కొంటే దోషం అంటదన్న జోస్యుణ్ణి, మరి అది పోయి ఎవరికి అంటుతుందని నేను అడగలేదు. సంతలో అన్ని అడిగేదాన్ని, ఆ రోజు అడగలేదు.

నవంబరు 14, శుక్రవారం

ఆసుపత్రికని లతకు చెప్పి, షమీమ్‌ను తోడు పెట్టుకుని తడ బస్సెక్కాను. శ్రీసిటీకి తిరిగే చోట దిగాము. లారీలు, దుమ్ము, రెండు టీ అంగళ్లు. మొదటి అంగడి ఆయన ఏమడిగినా, తెలియదని అరవంలో "తెరియాదు" అన్నాడు. రెండోది ఒక ఆడమనిషిది, అవ్వను పాటీ అనే అరవం కలిసిన మాట. రెండు టీలు చెప్పి, అంతా తెలిసినదానిలాగే అడిగాను.

"ఆయుధపూజకి ముందు ఈడ కారు కొట్టింది కదా, ఆ మనిషికి ఇప్పుడు ఎట్ల ఉండాది?"

తెలియదని చెబుతుందేమోనని, అట్లా చెప్పాలని, వేంకటేశ్వరుడికి మొక్కుకున్నాను.

"సెల్వికా? మద్రాసు ఆసుపత్రిలోనే ఉండాది పాటీ. నడుము కింద ఏమీ తెలీదంట."

సెల్వి. ఫ్యాక్టరీ క్యాంటీనులో వంట మనిషి. తెల్లారుతూ ఉండగా మొదటి షిఫ్టుకు కంపెనీ బస్సు కోసం రోడ్డు వారగా నడిచి పోతోంది. అంగడామె అప్పుడే పొయ్యి ముట్టించిందట, కళ్లారా చూసిందట.

"ఎర్ర కారు పాటీ. ఆగింది. ఆగలేదని నేను అబద్ధం చెప్పను. తలుపు తెరుచుకునింది. మళ్లీ మూసుకునింది. మద్రాసు పక్కకి పోయింది."

"నంబరు?"

"నేను ఆ పిల్లని సూసినా, నంబరు యాడ సూసేది. బండి దొరికితే ఇన్సూరెన్సోళ్లు ఇస్తారంట. దొరకలేదు. వాళ్లమ్మ కమ్మలు కూడా అమ్మేసింది." ఆమె గ్లాసులు తీస్తూ అడిగింది, "మీరు సెల్వికి ఏమవుతారు?"

ఏమీ కామన్నాను.

బస్సులో షమీమ్ అడిగింది. "అవ్వా, ఇది కూడా రాయాల్నా?"

రాయమన్నాను. తలుపు తెరుచుకుందని, మూసుకుందని కూడా.

నవంబరు 15

ముద్ర వేస్తే కారు పోతుంది. బెంగుళూరులో ఎవరి చేతిలోనో తేలుతుంది, వేరే పేరు మీద. సెల్వికి రూపాయి రాదు. వెయ్యకుండా స్టేషనుకు పోతే నా కొడుకు పోతాడు.

షమీమ్ ఇంకేమైనా రాయాలా అంటోంది. ఇంకేముంది.

నవంబరు 16, ఆదివారం

పిల్లలు ట్యూషనుకు పోయాక, లత మిద్దె మీద బట్టలు ఆరేస్తుండగా, మురళి ముందర కూర్చుని ఒక్క మాట అన్నాను. "సెల్వి."

అర్థం కానట్టు చూశాడు. "క్యాంటీనులో వంట చేసే పిల్ల. తడ కాడ. నీ ఎనుము."

వాడి మొహంలో రక్తం లేదు.

"బతికుండాదా?" అన్నాడు.

ఈ యాభై రోజులూ వాడికి అది కూడా తెలియదు. అదే రోడ్డున రోజూ బస్సులో పనికి పోయి వస్తూ, ఒక్క టీ అంగట్లో కూడా అడగలేదు. చెప్పాను, బతికే ఉందని, ఎట్లా బతికుందో కూడా. నా ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. నలభై ఏళ్లవాడు. తల నిమిరాను, నిమరకుండా ఉండలేకపోయాను.

తర్వాత తల ఎత్తి కళ్లు తుడుచుకున్నాడు. "ఎవురికి చెప్పినావు మా?"

"ఇంకా ఎవురికీ చెప్పలేదు" అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది.

నవంబరు 17

ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడుతున్నారు. మురళి నాకిష్టమని సపోటాలు తెచ్చాడు. నా ఫోను కనబడటం లేదు. కారు వేరేవాళ్ల పేరుకు మార్చేటప్పుడు ఆ ఫోనుకు ఏదో నంబరు వస్తుందని షమీమ్ అంటోంది. బీపీ మాత్ర రోజూ నేనే వేసుకునేదాన్ని — ఈ రోజు లత తెచ్చి చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడింది.

నవంబరు 19, బుధవారం

నిన్న షమీమ్ వస్తే వాకిట్లోనే ఆపి, అవ్వకు జ్వరమని పంపేశారట. నాకు జ్వరం లేదు.

ఈ రోజు మధ్యాహ్నం అన్నం తిని, మాత్ర వేసుకుని పడుకున్నాను. గంట కంటే ఎక్కువ నిద్రపోయే మనిషిని కాను. లేచేసరికి ఐదవుతోంది. నాలుక మందంగా ఉంది. నీళ్ల చెంబు అందుకోబోతే కనబడింది — ఎడమ బొటనవేలు నీలంగా ఉంది. కొంగుతో రుద్దాను. గోరు సందులో సిరా పోలేదు.

లతను పిలిచాను.

"నా చెయ్యి ఎవురు పట్టినారే?"

"నేనే అత్తా."

అబద్ధం చెబుతుందనుకున్నాను. చెప్పలేదు. పొద్దున పోతూ పోతూ మురళి కాగితాలు, సిరా పెట్టె ఇచ్చి పోయాడట. నాలుగు చోట్ల వేయించిందట.

"ఎన్ని మాత్రలు ఇచ్చినావు?"

"ఒకటి ఎక్కువ. నిద్ర మాత్ర." గోడ వైపు చూస్తూ అంది. "నాకు ఇద్దరు పిల్లోళ్లు అత్తా. ఆయన పోతే నేను యాడికి పోవాల?"

దాని మీద చెయ్యెత్తాలనిపించింది. ఎత్తలేదు. తడలో విన్నదంతా చెప్పాను. సెల్వి పేరు, రోడ్డు వారగా నడవడం, కమ్మలు అమ్మడం. కారు ఆగిందని చెప్పేసరికి లత నా వైపు తిరిగింది.

"ఆగలేదే. ఏం తగిలిందో తెలీలేదు, అద్దం పగిలేదాకా కనపడలేదు అన్నాడే."

"ఆగినాడు. తలుపు తీసినాడు. సూసినాడు. మూసుకున్నాడు."

కింద కూర్చుండిపోయింది.

కాగితాలు బీరువాలో ఉన్నాయి. రేపు పదింటికి షోరూము మనిషి ఇంటికే వచ్చి కాగితాలు, కారు తీసుకుపోతాడు. మురళి ఏడింటికి వస్తాడు. ఇప్పుడు ఐదున్నర. పెరటి గోడ మీదుగా షమీమ్‌ను పిలిచి ఇది రాయిస్తున్నాను. లత ఆపలేదు. లేచి వచ్చి ఇక్కడే, నాకు ఎదురుగా నిలబడి ప్రతి మాటా వింటోంది.

బీరువా తాళంచెవి దాని నడుముకు ఉంది. "ఇటు ఇయ్యి" అన్నాను. ఇవ్వనని అనలేదు. ఇస్తాననీ అనలేదు. గుత్తి నడుము నుంచి తీసింది. పిడికిట్లో పట్టుకుంది. తాళంచెవుల పళ్లు అరచేతిలో దిగుతున్నట్టున్నాయి, అయినా ఆ పిడికిలి విప్పడం లేదు...