వెంట్రుకవాసి పసుపు

నాన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. సెక్టర్ 6లో మన స్క్రీన్ ప్రింటింగ్ షాపు తెరిచే ఉంది. "ఆడపిల్లవి, నీకెందుకే ఇదంతా? తాళమెట్టీ" అన్నాడు బాబాయి. నేను కంప్యూటరు కొన్నాను.

నువ్వు రంగుకో ఫిల్ము బ్లేడుతో కోసేవాడివి. ఇప్పుడు కంప్యూటర్లో బొమ్మ గీస్తే, అందులో తగిలించిన చిన్న యాడ్-ఆన్ ఒక్కో రంగు లేయరునీ ఒక్కో ఫైలుగా విడదీసి ఇస్తుంది. చవితి పందిరి పోస్టరు అలాగే చేశాను. అచ్చేస్తే పసుపుకీ ఎరుపుకీ మధ్య సన్నగా తెల్లగీత!

"సూసేవా? మీ నాన్న పనిలో ఎప్పుడైనా ఇలాగొచ్చిందేటి?" అని నవ్వాడు బాబాయి.

రాలేదు. ఎందుకు రాలేదో చూద్దామని నీ పాత ఫిల్ములు ఒకదానిమీద ఒకటి పెట్టి చూశాను. అచ్చు కాస్త పక్కకి జరిగినా మధ్యలో తెల్లకాగితం కనబడకుండా, ప్రతి పసుపూ ఎరుపు కిందికి వెంట్రుకవాసి చొరబడి ఉంది. పక్కనే కూర్చున్న నాకు కూడా ఆ సంగతి చెప్పలేదు నువ్వు.

పసుపు లేయరు అంచుని ఎరుపు కిందికి అంతే మేర జరిపి, మళ్ళీ ఫైళ్ళు తీసి అచ్చేశాను. గీత లేదు. "బఢియా హై, దీదీ" అని హిందీలో మెచ్చుకుంటూ పందిరివాళ్ళు పట్టుకెళ్ళారు.

"మిషనుకి పనితనం ఏటి తెలుస్తాదే?" అనేవాడివి.

తెలీదు నాన్నా. నీ దగ్గర దొంగిలించి దానికి నేనే నేర్పాను.