కప్పు సగంలో ఉంది

తమ్ముడు హామండ్‌కి,

రాజును దించేయడానికి ప్రభువుల వెంట నువ్వూ బల్లెం పట్టుకుని బయల్దేరావని విన్నాను. మంచి పనే. మన ఉన్ని మీద పన్ను వేసి, ఆ డబ్బుతో యుద్ధానికి పోయి, వెన్ను చూపి వచ్చినవాణ్ణి నేనూ రోజూ తిడుతూనే ఉన్నాను.

అయితే మొన్న గొర్రెల కొట్టం మీద గడ్డి కప్పే మనిషి కోసం కబురు పెట్టాను. ఎవరో పొడుగాటి మనిషి వచ్చి నిచ్చెన ఎక్కాడు.

"ఇదా వచ్చే వేళ? వాన నీకోసం ఆగుతుందా?" అని కడిగేశాను.

"నిచ్చెన మీదైనా తిట్లు తప్పుతాయనుకున్నానమ్మా" అని నవ్వాడు.

సగం కప్పాడో లేదో, గుర్రాల మీద భటులు వచ్చి వంగి వంగి దండాలు పెట్టి తీసుకుపోయారు. ఆయనే రాజని అప్పుడు తెలిసింది. కొలువు వదిలి ఇలా కప్పులు కప్పడం, గుంటలు తవ్వడం ఆయనకు సరదా అట. మిగతాది గురువారం కప్పుతానని మాటిచ్చి మరీ వెళ్ళాడు.

నిన్న పెద్ద వాన. ఆయన కప్పినవైపు చుక్క దిగలేదు. గొర్రెలన్నీ అటే చేరాయి.

ఆయన మాట మీద నిలబడడని మీ ప్రభువుల ఫిర్యాదు కదా. శుక్రవారం దాకా ఆగమని వాళ్ళకు చెప్పు. గురువారం ఆయన రాకపోతే బల్లెం పట్టి నేనూ వస్తాను. వస్తే మాత్రం ఇంకో వారం ఆగాలి. పందుల దొడ్డి కూడా కారుతోంది.

నీ అక్క