ఇంజన్ ఆగినా ఆగని అదురు

మంగళవారం, రాత్రి

జీడితోట దున్ని ట్రాక్టరు ఆపాను. ఇంజన్ ఆగింది గానీ నా తుంటిలో అదురు ఆగలేదు. నిరుడు వేసిన లోహపు కీలు చుట్టూ ఎముక ఇంకా జుమ్మంటూనే ఉంది. కీలు వదులైందేమో ఎక్స్‌రేలో చూడాలి, అందాకా ట్రాక్టరు ఎక్కొద్దు అన్నాడు డాక్టరు. నేల పదును పోయాక ఏం దున్నుతాను?

బిళ్ల వేసుకుంటే నొప్పి తగ్గుతుంది. కానీ ఇంటింటా కిడ్నీ జబ్బున్న మా ఉద్దానంలో, ఉన్న కిడ్నీలనూ తినేస్తుందని నొప్పి కంటే నొప్పి బిళ్లకే ఎక్కువ భయపడతాం. మా అన్న కిడ్నీలు పాడై డయాలసిస్ మీదే పోయాడు. నాకూ రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరుగుతోంది, అంటే కిడ్నీలు మొరాయిస్తున్నట్టే. అందుకే వేరే ఆడవాళ్లు మొగుళ్ల జేబుల్లో బీడీల కోసం వెతికినట్టు, మా ఆవిడ రత్నాలు బిళ్లల కోసం రోజూ నా జేబులు తడుముతుంది.

ఈ సాయంత్రం ఏమీ దొరకలేదు.

"రేపు పలాస ఎల్లి ఎక్స్‌రే తీయిద్దాం మావా. అందాకా ట్రాక్టరు తాళం నా కాడే ఉంటాది" అంది.

"నాకు నొప్పేటీ లేదే."

"మరి మెట్టు దిగేటప్పుడు గోడెందుకు పట్టుకున్నావు?"



టెక్కలిలో కొన్న బిళ్ల నా కళ్లజోడు పెట్టెలో ఉంది. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఆ పెట్టె తెరవాల్సి వచ్చింది. ఇంకా మూయలేదు.