ఎవరూ చూడని పెళ్లి క్యాసెట్

మణుగూరు,
సెప్టెంబరు 9.

ప్రాణమిత్రుడు హాతీరాంకు,

ఫోన్ చేస్తే నా గొంతు వినగానే పట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను. నీ బాలి పోయి నలభై రోజులు కాలేదు, ఈ సంగతి ఇప్పుడెత్తడం న్యాయం కాదు. కానీ నీ పెళ్లి క్యాసెట్ నా బల్ల మీద ఉంది. రెండు వారాలుగా నాకు అన్నం సయించడం లేదు. సంపూర్ణ పోయాక, భార్య లేని ఈ ఇంట్లో నాకు ధైర్యం చెప్పేవాళ్లు కూడా లేరు.

"ఒక్కసారి బాలి నవ్వుడు చూడాలె, ఫోన్ల ఎక్కించియ్యి" అని దాన్ని నా చేతిలో పెట్టావు. మీ పెళ్లికి ఫొటోలు తీయనివ్వనిది నేనే. వీడియో ఉండగా ఫొటోలెందుకన్నాను, నువ్వు విన్నావు.

అప్పట్లో రెండు రకాల క్యాసెట్లు ఉండేవి. బీటా అని చిన్నది, వీహెచ్‌ఎస్ అని పెద్దది. బొమ్మ బాగుంటుందని నేను బీటా మిషన్‌తో షాపు పెట్టాను. బొమ్మ సంగతి ఎవడడిగాడు? కాలనీలో ప్రతివాడిదీ ఒకటే ప్రశ్న: "పక్కింటోళ్ల క్యాసెట్ దీంట్ల నడుస్తదా?" నడవదు. ఖమ్మం నుంచి వచ్చే సినిమాలన్నీ పెద్దవాటిలోనే. ఒకరిని చూసి ఒకరు అందరూ పెద్దదే కొన్నారు. మీ పెళ్లినాటికి నేనూ మనసు మార్చుకున్నాను, పెద్ద క్యాసెట్ల కొత్త మిషన్ పెట్టె విప్పకుండా షాపులో ఉంది. అయినా మిగిలిపోయిన చిన్న క్యాసెట్ ఖర్చవుతుందని మీ పెళ్లి దానిమీదే తీశాను. నెల తిరక్కుండా బీటా మిషన్ అమ్మేశాను. అమ్మేముందు ఒక్క పూట కూర్చుంటే పెద్ద క్యాసెట్‌లోకి ఎక్కించేవాణ్ణి. బద్ధకించాను హాతీరాం, అంతకంటే కారణం లేదు.

ప్రతి క్రిస్మస్‌కూ బాలి మా ఇంట్లో కూర్చుని, "అన్నా, నా పెండ్లి సినిమా ఎప్పుడు చూపిస్తవ్?" అనేది. "మిషన్ రిపేర్ల ఉంది చెల్లె" అనేవాణ్ణి. ఆరేళ్ల కింద అడగడం మానేసింది. నామీద ఆశ వదులుకుందని సిగ్గుతో చచ్చాను.

ఇప్పుడు విజయవాడలో ఒక పాత మిషన్ దొరికింది. టేపుకేమో బూజు పట్టింది. ఇక్కడి మెకానిక్ "ఒక్కసారి నడిస్తే నడుస్తది, తెగితే నా పూచీ లేదు" అన్నాడు. రోజూ పొద్దున మిషన్ ముందు కూర్చుని బటన్ మీద వేలు పెడతాను, నొక్కకుండానే తీసేస్తాను. నడపమంటావా, వద్దంటావా?

నీ
క్రిస్టోఫర్


ఎర్రుపాలెం,
సెప్టెంబరు 15.

క్రిస్టోఫర్‌కు,

మిగిలిపోయిన క్యాసెట్ ఖర్చవుతుందని నా పెళ్లి తీశావా? రెండు రోజులు కోపంగా ఉన్నాను. ఇంకా తగ్గలేదు. తగ్గాక రాద్దామంటే అప్పటిదాకా నువ్వు అన్నం తినవని ఇప్పుడే రాస్తున్నాను.

మిషన్ లేదని బాలికి మొదటి ఏడే తెలుసు. నువ్వు ఊళ్లో లేనప్పుడు మీ సంపూర్ణే చెప్పిందట: "ఎప్పుడో అమ్మేసిండు బాలీ, అడిగి చూడు, ఎన్ని అబద్ధాలు చెప్తడో." అప్పట్నుంచీ ప్రతి క్రిస్మస్‌కూ ఇద్దరికీ అదే ఆట. నువ్వు తడబడుతుంటే వంటింట్లోకి పోయి కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. నాకూ చెప్పలేదు. సంపూర్ణ చనిపోయిన ఏడాది క్రిస్మస్‌కు మీ ఇంటినుంచి తిరిగొస్తూ, "ఈసారి అడగకపోతివేంది?" అని బాలిని అడిగాను. అప్పుడు చెప్పింది. "నవ్వనీకి సంపూర్ణ లేదు. నేనొక్కదాన్నే అడిగితే అన్న నిజంగనే బాధపడ్తడు" అంది.

ఇంకోమాట. ఆ క్యాసెట్‌లో ఉన్నది బాలి ఒక్కతే కాదు. ఆరోజంతా పెళ్లికూతురి పక్కన కూర్చున్నది నీ సంపూర్ణే. అది మరిచిపోయావా, లేక గుర్తుండే బటన్ నొక్కలేకపోతున్నావా?

ఆదివారం పొద్దటి బస్సుకు వస్తున్నాను. నేను వచ్చేదాకా ఆ బటన్ జోలికి పోకు.

హాతీరాం