ఆగకుండా నడిచాడు

అమ్మా కోడలా,

మీ ఆయన నెగ్గాడమ్మా! పక్షవాతం వచ్చినవాళ్లు నడుస్తూ పడిపోతారో లేదో చూసే పరీక్షలో ఈవేళ నెగ్గాడు. ఇక పక్కన పట్టుకునే మనిషి అక్కర్లేదట. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవనుకో.

పోయినసారి ఎందుకు తప్పాడో తెలుసా? వీడు అడుగేస్తే చాలు, పడతాడేమోనని నేను ఇంట్లో రేడియో కూడా కట్టేసేవాణ్ణి. అక్కడ ఆసుపత్రిలో ఏమో డాక్టరమ్మ నడిపిస్తూ కబుర్లాడుతుంది. జవాబు చెప్పడానికి ఆగిపోతే ఇంకా పడే ప్రమాదం ఉన్నట్టేనట. అందుకని అప్పట్నుంచీ వాడి పక్కన నడుస్తూ వాగుతూనే ఉన్నాను. "రేపు మీ ఆవిడ వస్తుందిరా" అంటే మాత్రం టక్కున ఆగిపోయేవాడు.

ఈవేళ డాక్టరమ్మ కూడా నీ మాటే ఎత్తింది, "మీ ఆవిడ రాలేదా?" అని. నా పై ప్రాణాలు పైనే పోయాయి. వాడు ఆగలేదు.

"ఆవిడ ఇక రాదండీ. మా నాన్నతో అనకండి, పాపం ఆశ పెట్టుకున్నాడు" అంటూ కిటికీ దాకా వెళ్లి తిరిగొచ్చాడు.

నేను బయట బల్ల మీద ఉన్నాననుకున్నాడు. తలుపు వెనకే ఉన్నాను. అప్పుడే వచ్చినట్టు లోపలికెళ్లి చప్పట్లు కొట్టాను.

నిన్ను రమ్మని రాయడం లేదు. ఈ కబురు మాత్రం అందరికీ చెప్పు. "మంచాన పడ్డవాడికి ఎన్నాళ్లు చాకిరీ చేస్తావు" అన్న మీ అన్నయ్యకి చెప్పు. చూడ్డానికొచ్చి గుమ్మంలోంచే వెళ్లిపోయిన మీ పిన్నికీ బాబాయికీ చెప్పు. నీ పెట్టె మోసుకెళ్లిన మీ బావకి చెప్పు. మీద పడతాడని భయపడి దగ్గరకి రాని నా మనవరాలికి అందరికన్నా ముందు చెప్పు, నాన్న ఇక పడడని.