ఐదోసారి కొట్టొద్దు

బావా,

అమ్మకు కాలు వాచిందంట, మా ఊరు సాదలికి పోతాండా. రేపు సాయంత్రానికి వస్తా. పట్టుపురుగులు మూడో జ్వరానికి పండుకొనుండాయి, అవి పొర విడిచి లేసేదాకా ఆకెయ్యొద్దు.

నువ్వు తెచ్చిన సెకండ్‌హ్యాండ్ ఫోను బీరువాలో ఉండాది. అది దుబాయ్ సిమ్ముకే బీగమేసిన ఫోను. కోడ్ నంబరు కొడితేనే మన సిమ్ము పనిచేస్తుంది. చింతామణి మొబైల్ అంగడాయన ఆ నంబరు తెప్పించినాడంట, పోయి ఆయన చేతనే కొట్టించు. ఐదుసార్లు తప్పు కొడితే ఇంక ఎవరూ తెరవలేరంట. నువ్వు అప్పుడే నాలుగు కొట్టేసినావు: బండి నంబరు, తోట సర్వే నంబరు, బోరు ఎన్ని అడుగులు దిగిందో అది, మీ నాయన పుట్టిన సంవత్సరం. నిద్రపోయే పురుగుకుండే ఓపిక కూడా నీకు లేదు.

నేను పక్కనే నిలబడి చూస్తాంటి. ఒక్కసారన్నా మన పెళ్లి తేదీ కొడతావేమో అనుకుంటి.

ఇది చదివి ఇప్పుడు ఆ తేదీ కొట్టేవు, వద్దు. ఒక్కసారే మిగిలుండాది. ఫోను తెరుచుకుంటే మొదటి కాల్ సాదలికి చెయ్యి.

గిరిజ

తేదీ గుర్తు రాకపోతే అత్తను మాత్రం అడగొద్దు, నాకే సిగ్గు. ఈ చీటీ రాసింది మిగిలిపోయిన మన లగ్నపత్రిక ఎనకనే. తిప్పి చూడు.