ముప్పై ఒక్క గైర్హాజరులు

4 ఫిబ్రవరి, సాయంత్రం 6.10

స్కూలు నుంచి లెటర్ వచ్చింది. మూడో తరగతి చదువుతున్న మా పాప ఈ ఏడాది ముప్పై ఒక్క రోజులు గైర్హాజరట. హాజరు చాలని పిల్లలకు అదనపు సబ్జెక్టు ఉండదు కనుక స్పానిష్ తీసేస్తారట. అభ్యంతరముంటే 12న హెడ్మిస్ట్రెస్ ఎదుట స్వయంగా చెప్పుకోవాలట.

రోజూ గేటు దాకా దింపేది నేను. పాప బడి మానిన రోజుల జాబితా నా దగ్గర ఉంది. అందులో ఒక్క తేదీ కూడా లేదు.

5 ఫిబ్రవరి

‘చిన్న తరగతుల్లో స్పానిష్ వల్ల ప్రయోజనాలు’ అని శీర్షిక పెట్టాను. జ్ఞాపకశక్తి. ఏకాగ్రత. లేత నాలుక ఏ ధ్వనికైనా వంగుతుంది. మన మాటల్లాగే ఆ మాటలూ చాలావరకు అచ్చుతో ముగుస్తాయి. మొత్తం పద్నాలుగు వచ్చాయి. మా ఆవిడ చదివి, ఇందులో మన పిల్ల ఏదీ అని అడిగింది. మీ జాబితాలకో దండం, ఈసారి నోరు తెరిచి మాట్లాడి రండి అంది.

6 ఫిబ్రవరి

పదిహేనోది దొరకలేదు.

7 ఫిబ్రవరి, మధ్యాహ్నం 1.20

ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం నా పని. హాఫ్ డే పెట్టి స్కూలుకు వెళ్లాను. గుమస్తా రెండు రిజిస్టర్లు ముందు పడేసి, చూసుకోండి సార్, మీ ప్రూఫుల్లో తప్పులుంటాయేమో గాని మా దాంట్లో ఉండవన్నాడు. ఉదయం తొమ్మిదికి క్లాస్ టీచరు రిజిస్టరులో గైర్హాజరు. అదే రోజు పదకొండుకు స్పానిష్ టీచరు రిజిస్టరులో హాజరు. ముప్పై ఒక్క రోజులూ అంతే. తొమ్మిదికి ముందే గేటు మూస్తారు. మరి పిల్ల ఎక్కణ్ణుంచి ఊడిపడింది? రెంటికీ జిరాక్సులు తీయించాను.

సాయంత్రం 5.40

పాపను అడిగాను. చెప్పడానికి చాలాసేపు పట్టింది. ‘ప్రెజెంట్’లో మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేస్తుందట. కొన్ని రోజులు వస్తుందట, కొన్ని రోజులు రాదట. టీచరు తల ఎత్తకుండానే తరువాతి పేరుకు వెళ్లిపోతారట. పక్క పిల్ల ఇది ఉంది టీచర్ అంటే, ఏం, దానికి నోరు లేదా అన్నారట.

స్పానిష్ గంటలో ‘అకీ’ అనాలట. ఇక్కడ అని అర్థమట. అది జారుడుబల్ల మీద నుంచి వచ్చినట్టు వచ్చేస్తుందట. ఆ గంటలో పాట పాడుతుందట. కథ కూడా చెబుతుందట.

నత్తి ఉందని తెలుసు. పిల్లను కనబడకుండా చేసేంతదని తెలియదు.

పద్నాలుగూ కొట్టేశాను.

9 ఫిబ్రవరి

ఇది రాయకూడదనుకున్నాను. నాకూ నత్తే. నా చదువు ఐదో తరగతితో ఆగింది. నేనూ బెంచీ మీద కూర్చునే గైర్హాజరయ్యాను. ఆపైన నేర్చినదంతా అచ్చులో చూసి నేర్చినదే. ప్రెస్సులో చీటీలు రాసిస్తాను. మేనేజరు చీటీల స్వామి అంటాడు. నోటి ముత్యాలు రాలిపోతాయా స్వామీ అని నవ్వుతాడు. పాపకు నానుంచే వచ్చింది. ఇంకెవరి నుంచి వస్తుంది?

మా ఆవిడ చేత ఫోన్ చేయించాను. రాసిస్తే కుదరదట. హాజరు విషయంలో తండ్రే వచ్చి నోటితో చెప్పాలట. రూలట.

11 ఫిబ్రవరి

అద్దం ముందు ఒకే వాక్యం, నలభై సార్లు. ఒక్కసారీ చివరిదాకా వెళ్లలేదు.

12 ఫిబ్రవరి, ఉదయం 11.45

గదిలో ఏడుగురు తల్లిదండ్రులు. హెడ్మిస్ట్రెస్ కాగితం చూస్తూ పేర్లు పిలిచారు. నా పేరు వచ్చింది. లేచాను. ‘మేడమ్’లో మొదటి అక్షరమే కదల్లేదు. ఆమె తల ఎత్తలేదు. మళ్లీ పిలిచారు. మెడ నరాలు తెగుతాయనిపించింది. ఈయనా రాలేదన్నమాట అంటూ పెన్సిల్ తీశారు.

‘అకీ’ అన్నాను.

గదంతా నవ్వింది. మూలన కూర్చున్న స్పానిష్ టీచరు నవ్వలేదు, మా పాప నా క్లాసులో పలికే హాజరు అదే అన్నారు. రెండు రిజిస్టర్ల జిరాక్సులూ హెడ్మిస్ట్రెస్ ముందు పక్కపక్కన పెట్టాను. ఆమె ఒక్కో తేదీ మీద వేలు పెట్టుకుంటూ ముప్పై ఒకటి దాకా వెళ్లారు. అప్పుడు తల ఎత్తారు. పాపకు స్పానిష్ ఉంటుందన్నారు. ఇకపై ఏ గంటలోనైనా అకీ అంటే చాలన్నారు.

సాయంత్రం

పాపకు చెప్పాను. నేను పలికింది తప్పట. చివరి అక్షరం నొక్కాలట. నాచేత నాలుగుసార్లు అనిపించింది.

అకీ. అకీ. అకీ. అకీ.